తెర మీది మాట, కాగితం మీది మాట

2003 జనవరి 16వ తేదీన అమెరికాలోని ఫ్లోరిడా తీరం నుండి ‘కొలంబియా’ అంతరిక్ష నౌక ఏడుగురు వ్యోమగాములతో నింగికి ఎగసినది. వారిలో ఒకరు హర్యానా రాష్ట్రంలోని కర్నాల్ పట్టణంలో పుట్టి పెరిగిన కల్పనా చావ్లా. నౌక బయలుదేరిన 82వ సెకను ప్రాంతంలో, వెలుపలి ఇంధనపు తొట్టి నుండి గట్టి నురుగు ముక్క ఒకటి ఊడి, ఎడమ రెక్క ముందంచును తాకినది. దాని బరువు కిలో కూడా లేదు. మరునాడు చలనచిత్రాలను పరిశీలించిన ఇంజనీర్లు ఆ సంగతిని కనిపెట్టారు. వ్యోమగాములు భూమికి తిరిగి రావడానికి ఇంకా రెండు వారాల వ్యవధి ఉన్నది. తగిలిన దెబ్బ ప్రమాదకరమా, కాదా అని ఈలోగా తేల్చవలసిన భారం భూమి మీది వారిపై పడినది.

ఆ పని చేపట్టిన ఇంజనీర్లు తమ పరిశీలనను వాక్యాలతో కూడిన నివేదికగా వ్రాయలేదు. అప్పటికే స్థిరపడిన అలవాటు ప్రకారం, తెర మీద చూపే స్లైడులుగా రూపొందించారు. వాటిలో ఒక స్లైడు తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఉష్ణకవచపు పలకల విషయంలో తమ అంచనాలు తగినంత జాగ్రత్తతోనే ఉన్నవని పరీక్షా ఫలితాలు సూచిస్తున్నట్లు దాని శీర్షిక చెప్పినది. చదివినవారికి మనస్సు కుదుటపడే శీర్షిక అది. దాని క్రింద చుక్కలు, గీతలు పెట్టిన తునకలు ఒకదాని క్రింద ఒకటి మెట్లుగా దిగుతూ, మెట్టు దిగినకొద్దీ చిన్న అక్షరాలలోకి మారినవి. చిట్టచివరి మెట్టు మీద రెండు అంకెలు ఉన్నవి. పరీక్షలలో వాడిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు. నౌకకు తగిలినట్లు అంచనా వేసిన ముక్క పరిమాణం 1,920 ఘనపు అంగుళాలు. అనగా 640 రెట్లు పెద్దది.

నిజపరిస్థితి పరీక్షల పరిధికి చాలా వెలుపల ఉన్నదన్న మాట ఆ స్లైడులో లేకపోలేదు; అది అడుగున ఉన్నది. ‘కనుక ఈ పరీక్షలను నమ్ముకొని నిశ్చింతగా ఉండరాదు’ అన్న వాక్యం మాత్రం ఎక్కడా లేదు. ఆ పరిశీలన సారాంశం పై అధికారులకు చేరినది. భయపడవలసినదేమీ లేదని వారు భావించారు. ఫిబ్రవరి 1వ తేదీన తిరుగు ప్రయాణంలో, దెబ్బతిన్న రెక్కలోనికి మండే వాయువులు చొరబడి, టెక్సాస్ గగనతలంలో నౌక ముక్కలైనది. ఏడుగురూ మరణించారు.

ఆ ఏడాది ఆగస్టులో వెలువడిన విచారణ సంఘం నివేదిక ఈ స్లైడును ప్రత్యేకంగా చర్చించినది. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను అందులో పొందుపరచినది. ప్రమాదానికి స్లైడే కారణమని సంఘం చెప్పలేదు. నురుగు దెబ్బతో పాటు సంస్థలో పాతుకుపోయిన అనేక అలవాట్లను అది ఎత్తి చూపినది. సాంకేతిక పత్రాలు వ్రాయవలసిన చోట స్లైడులతో సరిపెట్టడం ఆ అలవాట్లలో ఒకటి.

ఈ విషాదానికీ, ‘స్లైడులలోని అక్షరాలన్నింటినీ ఒక పత్రంలోకి తీసుకొనడం ఎలా?’ అన్న చిన్న ప్రశ్నకూ సంబంధమేమిటని పాఠకులు అడుగవచ్చును. నేడు మన కళాశాలల పాఠాలు, కార్యాలయాల సమీక్షలు, ఉద్యోగుల శిక్షణ తరగతులు చాలా వరకు స్లైడులలోనే భద్రమై ఉన్నవి. ఏదో ఒక రోజు వాటిని చదువుకొనే పత్రంగా మార్చవలసిన అవసరం వస్తుంది. పరీక్ష దగ్గర పడిన విద్యార్థికి అది కావాలి. బదిలీ అయిన అధికారి స్థానంలో వచ్చిన కొత్తవారికి కావాలి. కంప్యూటరు చదివి వినిపిస్తే తప్ప తెలుసుకొనలేని అంధ పాఠకునికి మరింతగా కావాలి. అక్షరాలను బయటికి తీయడం యంత్రానికి నిమిషాల పని. అలా తీసిన తరువాతనే, ఆ స్లైడులు ఏమి చెప్పినవో, ఏమి చెప్పకుండా వదిలినవో తేటతెల్లమవుతుంది.

వక్తకు తోడుగా పుట్టినది

కంప్యూటరుకు ముందు కూడా స్లైడులు ఉన్నవి. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద వ్రాసి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుతో గోడ మీద చూపిన అధ్యాపకులు మన దేశంలోనూ ఎందరో ఉన్నారు. ఆ కాగితాలను కంప్యూటరుతో తయారు చేయవచ్చునన్న ఆలోచన కాలిఫోర్నియాలోని ‘ఫోర్‌థాట్’ అనే చిన్న సంస్థలో రూపు దిద్దుకొన్నది. రాబర్ట్ గాస్కిన్స్ దానికి రూపకర్త. డెన్నిస్ ఆస్టిన్, టామ్ రడ్కిన్ ప్రోగ్రాము వ్రాసినవారు. మొదట ‘ప్రెజెంటర్’ అనుకొన్న పేరు ‘పవర్‌పాయింట్’గా మారి, 1987 ఏప్రిల్‌లో మెకింటాష్ కంప్యూటర్ల కొరకు విడుదలైనది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ సంస్థ 1 కోటి 40 లక్షల డాలర్లకు ఫోర్‌థాట్‌ను కొనుగోలు చేసినది.

స్లైడు వక్తకు తోడుగా పుట్టినదే కాని వక్తకు బదులుగా పుట్టలేదు. వివరమైన పత్రం ముందే సిద్ధమై ఉంటుంది. దాని సారాంశం తెర మీద కనబడుతుంది. మిగిలినది వక్త నోట వినబడుతుంది. కాలక్రమాన మొదటిది మాయమైనది. తన సృష్టికి ఇరవై ఏళ్లు నిండిన 2007లో గాస్కిన్స్ స్వయంగా ఈ మార్పు పట్ల విచారం వెలిబుచ్చారు. వ్యాపార రంగంలో అనేకులు పత్రాలు వ్రాయడమే మానివేసి, వివరమూ ఆధారమూ లేని సారాంశాలతోనే సరిపెట్టుకొంటున్నారన్నది ఆయన ఆవేదన. కనుక నేడు స్లైడుల నుండి పత్రం తయారు చేయబూనుకొన్నవారు, నిజానికి వెనుక నుండి ముందుకు నడుస్తున్నారు. పత్రం నుండి రావలసిన సారాంశాన్ని పట్టుకొని, లేని పత్రాన్ని తిరిగి సంపాదించవలసి వస్తున్నది.

అక్షరాలు ఎక్కడెక్కడ ఉంటాయి?

తెర మీద చూసేవారికి స్లైడులోని అక్షరాలన్నీ ఒక్కటే. కంప్యూటరుకు అలా కాదు. శీర్షిక కొరకు, ముఖ్యాంశాల కొరకు ముందే ఏర్పరచిన చోట్లు కొన్ని ఉంటాయి. తయారు చేసినవారు తమకు నచ్చిన చోట గీసుకొన్న పెట్టెలు వేరు. పట్టికలు, చార్టులు, పటాలలోని అక్షరాలు ఇంకొక తరగతి. తెర మీద కనబడకుండా, వక్త తన జ్ఞాపకం కొరకు అడుగున వ్రాసుకొన్న ‘నోట్స్’ వేరొకటి. ఇక ఫోటోలో, స్కాన్ చేసిన కాగితంలో కనబడే అక్షరాలు కంప్యూటరు దృష్టిలో అసలు అక్షరాలే కావు, వట్టి బొమ్మలు.

ఈ భేదం తెలియకనే చాలామంది మోసపోతారు. పవర్‌పాయింట్‌లో ‘ఫైల్’ క్రింద ‘సేవ్ యాజ్’ ఎంచుకొని, ఫైలు రకం వద్ద ‘అవుట్‌లైన్ – ఆర్.టి.ఎఫ్.’ అన్నదానిని పట్టుకొంటే, వర్డ్‌లో తెరుచుకొనే పత్రం క్షణంలో తయారవుతుంది. ఇది అన్నింటికన్నా సులువైన దారి. కాని ఇందులోకి మొదటి తరగతి అక్షరాలు మాత్రమే వస్తాయి. విడిగా గీసిన పెట్టెలలోని మాటలు, చార్టులు, నోట్స్ రావు. హెచ్చరికగా ఎర్ర పెట్టెలో వ్రాసిన వాక్యమే పత్రంలో లేకుండా పోవచ్చును. లోపం జరిగినట్లు యంత్రం ఒక్క మాటైనా చెప్పదు. పత్రం నిండుగానే కనబడుతుంది.

రెండవ దారి ‘ఎక్స్‌పోర్ట్’ క్రింద ఉండే ‘క్రియేట్ హ్యాండవుట్స్’. ఇది స్లైడులను నేరుగా వర్డ్‌లోకి పంపుతుంది. నోట్స్‌ను స్లైడు ప్రక్కన గాని, క్రింద గాని చేర్చమని కోరవచ్చును. వక్త నోట్స్ వ్రాసుకొనే అలవాటు ఉన్నవాడైతే ఈ దారి ఎంతో విలువైనది. నోట్స్ అక్షరాలుగానే వస్తాయి. అయితే స్లైడు మాత్రం బొమ్మగా వచ్చి కూర్చుంటుంది. దానిలోని మాటలు పత్రంలోని మామూలు అక్షరాలుగా రావు. అందువలన ఈ రెండు దారులనూ కలిపి వాడుకొనడం మేలు. మొదటి దాని నుండి ముఖ్యాంశాలు, రెండవ దాని నుండి నోట్స్ తీసుకొని, బొమ్మను ఎదుట పెట్టుకొని, తప్పిపోయినవాటిని చేత్తో చేర్చవలెను.

మూడవ దారి కొంచెం ధైర్యవంతులకు. 2007 నాటి ఆఫీస్ నుండి వాడుకలోకి వచ్చిన ‘పి.పి.టి.ఎక్స్’ ఫైలు నిజానికి ఒక మూట. దాని నకలు ఒకటి తీసి, పేరు చివరి భాగాన్ని ‘జిప్’ అని మార్చితే ఆ మూట విప్పవచ్చును. లోపల ‘స్లైడ్స్’ అనే అరలో ఒక్కొక్క స్లైడుకు ఒక్కొక్క ఫైలు, ‘నోట్స్ స్లైడ్స్’ అనే అరలో నోట్స్, ‘మీడియా’ అనే అరలో బొమ్మలు, ‘చార్ట్స్’ అనే అరలో చార్టులు విడివిడిగా కనబడతాయి. అంతకు ముందటి పాత ‘పి.పి.టి.’ ఫైలు ఇలా విడిపోదు; దానిని తెరిచి ముందుగా కొత్త పద్ధతిలో భద్రపరచవలెను. వందలాది ఫైళ్లు ఉన్నవారు పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాయించి, ఈ అరలలోని అక్షరాలన్నింటినీ ఒకేసారి ఏరించుకొంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫైళ్ల వరుస స్లైడులను చూపే వరుస కానక్కరలేదు. ఒక స్లైడులోని పెట్టెల వరుస కూడా పై నుండి క్రిందికి చదివే వరుస కాదు. సాధారణంగా వాటిని స్లైడు మీద పేర్చిన వరుస. చివరి నిమిషంలో శీర్షిక పెట్టె చేర్చిన స్లైడులో శీర్షిక చివరికి పోతుంది. కంప్యూటరు చదవగా వినే అంధ పాఠకుడు స్లైడును ఈ తలక్రిందుల వరుసలోనే వినవలసి వస్తుంది. వరుస సరిచేసిన పత్రం అతనికి ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు స్లైడుకు ప్రత్యేకమైన చిక్కు

తెలుగులో తయారైన పాత స్లైడులు బయటికి తీసినప్పుడు మరొక వింత ఎదురవుతుంది. తెర మీద ముత్యాల వంటి తెలుగు. పత్రంలోకి రాగానే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిగీతలు. ఫైలు పాడైనదని భయపడనక్కరలేదు. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకూ, ఇతర గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీదనే తెలుగు రూపాలను కూర్చోబెట్టినవి. కంప్యూటరు దాచుకొన్నది ఇంగ్లీషు సంఖ్యను. కంటికి చూపినది తెలుగు రూపాన్ని. ఫాంటు తోడు లేకుండా అక్షరం బయటికి వస్తే అసలు సంఖ్య బయటపడుతుంది.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం మొదటి కూర్పులోనే తెలుగుకు స్వంత సంఖ్యలు లభించినవి. అందులో ‘క’ అక్షరం సంఖ్య 3093. ఏ ఫాంటులో చూచినా, ఏ దేశంలో తెరిచినా అది ‘క’యే. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో పాటు ‘గౌతమి’ అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చినది. అయినా అచ్చు పనులలో పాత ఫాంట్లు నేటికీ వాడుకలో ఉన్నవి. అటువంటి స్లైడుల నుండి తీసిన మాటలను ఆయా ఫాంట్లకు తగిన మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులనూ గుణింతాలనూ కళ్లతో సరిచూసుకొనవలెను. స్లైడులను ముందు పి.డి.ఎఫ్.గా మార్చి అందులో నుండి నకలు తీసుకొనేవారికి కూడా తెలుగులో సంయుక్తాక్షరాలు చెదరిపోవడం తరచు ఎదురయ్యే అనుభవమే.

బొమ్మలో చిక్కుకొన్న అక్షరాలకు వేరే ఉపాయం ఉన్నది. బొమ్మను చూచి అక్షరాలను గుర్తించే ప్రోగ్రాములు నేడు తెలుగును కూడా చదువుతాయి. 2005లో అందరికీ ఉచితంగా విడుదలైన ‘టెసరాక్ట్’ వాటిలో ఒకటి. అచ్చు స్పష్టంగా ఉంటే అవి బాగానే చదువుతాయి. మసకబారిన స్కాను మీద పొరబడతాయి. అంకెల విషయంలో వాటిని ఏమాత్రం నమ్మరాదు. ఒక సున్న జారినా, ఒక చుక్క తప్పినా అర్థం మారుతుంది.

రాలిపోయిన ‘కనుక’

ఇంత శ్రమపడి అక్షరాలన్నీ పత్రంలోకి తెచ్చిన తరువాత, దానిని చదవబోయినవారికి నిరాశ కలుగుతుంది. మాటలన్నీ ఉన్నవి; విషయం అర్థం కాదు. ఒక ఉదాహరణ చూడవచ్చును. గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల శిక్షణకు క్షయవ్యాధి మీద ఒక స్లైడు తయారైనదనుకొందాము. దాని నుండి బయటికి వచ్చిన మాటలు ఇవి:

చికిత్స – 6 నెలలు
2 నెలలలో దగ్గు తగ్గుదల
మానివేత – మందులకు లొంగని క్షయ

తరగతిలో వక్త పక్కన నిలబడి ఉన్నంతసేపు ఈ మూడు పంక్తులు చాలు. ఏడాది తరువాత కాగితం మీద చదివే కొత్త కార్యకర్తకు చాలవు. రెండు నెలలలో దగ్గు తగ్గితే మందు ఆపవచ్చునని అతడు అనుకొంటే, ఆ పంక్తులలో అతనిని వారించేదేమీ లేదు. వక్త నోట పలికి, స్లైడులోకి ఎక్కని వాక్యం ఇది: ‘దగ్గు రెండు నెలలలో తగ్గినా క్రిములు ఇంకా శరీరంలో మిగిలి ఉంటాయి, కనుక వైద్యుడు చెప్పిన ఆరు నెలలూ మందు వాడి తీరవలెను, ఎందుకంటే మధ్యలో మానితే, మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా పోవచ్చును.’ మూడు పంక్తుల సమాచారమూ ఇందులో ఉన్నది. అదనంగా చేరినవి ‘తగ్గినా’, ‘కనుక’, ‘ఎందుకంటే’. రోగి ప్రాణం ఆ మూడు చిన్న మాటల మీద ఆధారపడి ఉన్నది.

స్లైడులో చుక్క పెట్టి వ్రాసే పద్ధతి మొట్టమొదట రాల్చివేసేది ఈ మాటలనే. చోటు చాలదు గనుక అవి పోతాయి. ఏది కారణమో, ఏది ఫలితమో, ఏది ముఖ్యమో, ఏది మినహాయింపో చెప్పేవి అవే. ఏ ఎక్స్‌పోర్ట్ యంత్రమూ వాటిని తీసి ఇవ్వలేదు. లోపల లేనిదానిని బయటికి తీయడం సాధ్యం కాదు. నేటి కృత్రిమ మేధ ప్రోగ్రాములు తునకలను కలిపి వాక్యాలుగా అల్లి చూపుతాయి. కాని అవి కలిపిన ‘కనుక’ వక్త మనస్సులోని ‘కనుక’యో, యంత్రపు ఊహయో తేల్చవలసినది విషయం తెలిసిన మనిషే.

కనుక అక్షరాలు తీయడంతో పని సగమే పూర్తవుతుంది. తక్కిన సగానికి కొన్ని నియమాలు పాటించవచ్చును. మొదట, తీసిన పత్రాన్ని అసలు స్లైడులతో ఒక్కొక్కటిగా సరిపోల్చి, పెట్టెలు, చార్టులు, నోట్స్ తప్పిపోలేదని రూఢి చేసుకొనవలెను. తరువాత ప్రతి స్లైడునూ ఒక పేరాగా, కర్త, కర్మ, క్రియలు గల వాక్యాలతో తిరిగి వ్రాయవలెను. వక్త అందుబాటులో ఉంటే, ‘ఈ రెండు పంక్తులకు సంబంధమేమిటి?’ అని అడిగి వ్రాసుకొనడం శ్రేష్ఠం. చార్టు ఉన్న చోట అది ఏమి చూపుతున్నదో ఒక వాక్యంలో చెప్పవలెను. అంధ పాఠకునికి ఆ వాక్యమే చార్టు. చివరగా, శీర్షిక చెప్పినదానికీ అడుగున ఉన్న అంకెలకూ పొత్తు కుదురుతున్నదా అని చూడవలెను. వాక్యం వ్రాయబోయి కలం ఆగిపోయిన చోట, ఆ స్లైడులో నిజంగానే ఏదో లోపించినదని గ్రహించవచ్చును.

ఈ సంగతిని గుర్తించినవారిలో వ్యాపారవేత్తలు కూడా ఉన్నారు. 2004లో అమెజాన్ సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ తన ఉన్నతాధికారుల సమావేశాలలో పవర్‌పాయింట్ వాడరాదని ఆదేశించారు. దాని స్థానంలో ఆరు పేజీలకు మించని గద్యపత్రం వచ్చినది. సమావేశం ఆరంభంలో అందరూ మౌనంగా దానిని చదివి, పిమ్మట చర్చకు దిగుతారు. తునకలు వ్రాయడం కంటె వాక్యాలు వ్రాయడం కష్టమన్నదే ఆ పద్ధతికి ప్రాతిపదిక. వాక్యం వ్రాయాలంటే ఏది దేనికి కారణమో వ్రాసేవానికి ముందుగా తెలియాలి.

కొలంబియా స్లైడులోని అక్షరాలను ఎవరైనా ఆనాడే కాగితం మీదికి తెచ్చి, పూర్తి వాక్యాలుగా వ్రాయబూనుకొని ఉంటే, 3కూ 1,920కీ మధ్య ఒక సంధానపదం వెదకవలసి వచ్చేది. ‘అయినను’ అని వ్రాస్తే వాక్యం నిలువదు. ‘కనుక’ అని వ్రాస్తే శీర్షిక నిలువదు. ఆ వాక్యం వ్రాసినంత మాత్రాన ఏడుగురూ బ్రతికి వచ్చేవారని ఎవరూ చెప్పలేరు. చదివిన అధికారులకు మాత్రం, తమకు ఏమి తెలియదో స్పష్టంగా తెలిసి ఉండేది.